నాన్న వైపు అద్దం

జూన్ 4, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం. నేను లేచేసరికే నాన్న కోటు తొడుక్కుని, టై కట్టుకుని, టోపీ ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

"పెళ్లికా నాన్నా?" అన్నాను.

"ఎవరింటికన్నా పోయేటప్పుడు మంచి బట్టలేసుకోవాలే. ఏనుగులిల్లు మాత్రం ఇల్లు కాదా?"

ఎనభై మూడేళ్లు. నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయి ఏడేళ్లయింది. మాట మాత్రం ఎక్కడికీ పోలేదు.

మా పాత క్రెసిడా కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. నాన్న యథాప్రకారం వెనక సీట్లో, సరిగ్గా నా వెనకాల. ఎదురొచ్చే బండ్లు అటువైపు నుంచే వెళ్తాయి కాబట్టి ఆయనకు ఆ కిటికీయే కావాలి. అద్దం పూర్తిగా దించాల్సిందే. జూన్ అంటే మాకు చలికాలం, నా చెవులు ఊడిపోతున్నా సరే. చూసేవాళ్లు ఆయన్ని దొరగారనీ నన్ను డ్రైవరనీ అనుకుంటారు. అనుకోనీ.

జంతువుల పార్కు గేటు దగ్గరి పిల్ల ప్రవేశం కాగితంతో పాటు ఎప్పటిలాగే పచ్చ చీటీ ఇచ్చింది. ఎప్పటిలాగే దాన్ని డాష్‌బోర్డు అరలో పడేశాను.

పన్నెండు జిరాఫీలు. అడవిదున్నల మంద రోడ్డు దాటడానికి పావుగంట తీసుకుంది. నేను చూసి చెప్తాను, నాన్న విని చూస్తాడు. మధ్యలో పరీక్షలు పెడతాడు: "దున్నల్లో ముసలిది వెనకుందా, పక్కనుందా?" పక్కనుంది. "చెప్పానా!" అని తొడ మీద చరుచుకున్నాడు.

ఎనిమిదింటికి రెండో చుట్టుదారిలో, విరిగిన సిమెంటు దిమ్మె దాటాక, ఏటి పక్కన వంకరకొమ్ముది కనపడింది. ఈసారీ పిల్లతోనే ఉంది. ఆ ఖడ్గమృగాన్ని మేం నాలుగేళ్లుగా ఎరుగుదుం. పిల్ల తల్లి కడుపు కింద నుంచి దూరబోయి ఇరుక్కుంది. ఆ మాట చెప్తే నాన్న ఎంత నవ్వాడో, దగ్గొచ్చి టీ తాగించాల్సి వచ్చింది.

వచ్చేటప్పుడు ఆగిన ప్రతి బండితోనూ కబుర్లే. ఒక తెల్ల బండిలో భార్యాభర్తలు, మంచివాళ్లు, ఆరు కమలాపళ్లు ఇచ్చారు. మేం ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఇచ్చాం. పురుగుల వేపుడు కూడా ఇవ్వబోయాడు నాన్న. ఆవిడ మొహం చూసి నేనే వద్దన్నాను.

మంచి రోజు.

జూన్ 5

కమలాపళ్లు తియ్యగా ఉన్నాయి. చెరొకటి తిన్నాం.

జూన్ 8, గురువారం

మా బడి స్టాఫ్ రూంలో విన్నాను. మంగళవారం పొద్దున వంకరకొమ్ముదాన్ని కాల్చేశారట. రెండో చుట్టుదారిలో, ఏటి పక్కన. కొమ్ము కోసుకుపోయారు. పిల్ల తల్లి దగ్గరే నిలబడి ఉందట, పక్కనుంచి కదల్లేదట.

మేం ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చి రేడియోలో బ్యాటరీలు తీసి బియ్యం డబ్బాలో దాచాను. మన భాషలో వార్తలు రోజుకు నాలుగుసార్లు వస్తాయి. నాన్న చెవిన పడకూడదు. "రేడియో మోగట్లేదే," అంటే, బ్యాటరీలు అయిపోయాయి, శనివారం తెస్తానన్నాను. వేరే రోజైతే నా ప్రాణం తీసేవాడు. ఇవాళ "సరే" అన్నాడు, అంతే.

జూన్ 9

ఎవరికీ చెప్పలేదు.

జూన్ 11, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక నాన్న నిద్రపోయాడు. బయట ఎండలో కూర్చుని పాత ఫోటో తీసి చూశాను. తొంభై ఐదు ఆగస్టు. అమ్మ, తమ్ముడు గెజాని, నేను, నాన్న. మధ్యలో నీలం క్రెసిడా, పెళ్లికూతురిలా బోనెట్ మీద పూలు.

నాన్న ఆ పార్కులో ముప్ఫై ఒక్క ఏళ్లు రోడ్డు పని చేశాడు. గుంతలు పూడ్చాడు, మట్టి చదును చేశాడు, ప్రతి మలుపులోనూ సిమెంటు దిమ్మెలు నిలబెట్టాడు. ఆ రోజుల్లో మాలాంటి నల్లవాళ్లు ఆ రోడ్ల మీద పారతో తప్ప కనపడేవాళ్లు కాదు. బండ్లు దుమ్ము రేపుకుంటూ పోయేవి. లోపలివాళ్లు కళ్లు చిట్లించుకుని పొదల్లో సింహం కోసం వెతుక్కునేవాళ్లు. సింహం ఎక్కడుందో నాన్నకు తెలుసు, అర గంట ముందు దాన్ని తప్పించుకునే వచ్చాడు. ఆయన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒకే ఒక్క ముసలావిడ బండాపి అద్దం దించి, "ఇవాళ నువ్వేం చూశావు?" అని అడిగిందట. నాన్న చిరుతపులి ఉన్న చెట్టు చెప్పాడు. సాయంత్రం ఆవిడ తిరిగొస్తూ కిటికీలోంచి చేతులు రెండూ బయటపెట్టి ఊపుకుంటూ పోయిందట. ఈ కథ మాకు నెలకోసారి చెప్పేవాడు. ఆవిడ టోపీ రంగు మారేది గానీ చిరుత అదే చెట్టు మీద ఉండేది.

పదవీ విరమణ డబ్బుతో అందరూ ఇంటికి రేకులు వేయించుకుంటే నాన్న కారు కొన్నాడు. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మేం నలుగురం గేట్లోంచి లోపలికెళ్లాం. నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను. గేటు దగ్గర పాత స్నేహితుడు నాన్నకు సెల్యూట్ కొట్టాడు. నాన్న కొట్టిన సెల్యూట్‌కు టోపీ ఎగిరి అమ్మ ఒళ్లో పడింది.

ఎదురొచ్చిన మొదటి బండిని ఆపి అద్దం దించాడు. లోపల ఎర్రగా కందిపోయిన మొహంతో ఒక పెద్దాయన. నాన్న తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో అడిగాడు: "ఇవాళ మీరేం చూశారు?" ఆయన బిత్తరపోయి, కాసేపటికి, "ఏం లేదు, ఇంపాలా జింకలు," అన్నాడు. నాన్న కిటికీలోంచి సగం బయటికొచ్చి చెప్పాడు, మూడో వంతెన కింద ఆడసింహం, రెండు పిల్లలు, తొందరగా వెళ్లండి అని. ఆయన టోపీ తీసి, "థాంక్యూ సర్," అన్నాడు.

నాన్న అద్దం దించినట్టే ఉంచి ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ నా చెవిలో, "మీ నాన్నకు పెళ్లినాడు కూడా ఇంత సంతోషం లేదే," అంది.

కారులోంచి దిగకూడదని పార్కు నియమం. ఎవరన్నా దిగితే నాన్నకు ఒళ్లు మండేది. "ముప్ఫై ఒక్క ఏళ్లు కాళ్లరిగేలా తిరిగాను. దిగాలని నాకు లేదటే? కూర్చోమన్నారు, కూర్చోవాలి." కూర్చున్నచోటి నుంచే ఎదురొచ్చిన ప్రతి బండికీ తను చూసిందంతా పంచిపెట్టేవాడు. చూసింది దాచుకుంటే కళ్లు పోతాయనేవాడు. దాచుకోకపోయినా పోయాయి.

జూన్ 14

సరే. నాన్న చెప్పాడు.

తెల్ల బండివాళ్లకు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. నేను స్టీరింగు పట్టుకుని అటు చూస్తున్నాను.

ఆ పచ్చ చీటీల గురించి రాయాలి. ఖడ్గమృగం ఎక్కడ కనపడిందో ఎవరికీ చెప్పకండి అని ఉంటుంది దాని మీద. ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నారు. క్యాంపులో పటం బోర్డు మీద ఏనుగుకు ఒక రంగు బిళ్ల, సింహానికి ఒక రంగు బిళ్ల, ఎవరేం చూస్తే అది అక్కడ అంటిస్తారు. ఖడ్గమృగానికి బిళ్లే లేదు. నాన్నకు కళ్లున్నప్పుడు కూడా చదువు రాదు. నేనా చీటీ ఒక్కసారీ చదివి వినిపించలేదు. ఏమని చదవను? నాన్నా, నీ నోరు మూసుకోమంటున్నారు అనా?

నాలుగు కమలాపళ్లు ఇంకా పళ్లెంలోనే ఉన్నాయి.

జూన్ 20

గెజాని ఫోన్ చేశాడు. వాడికి అన్నీ పొలోక్వానే పట్నంలో కూర్చునే తెలుస్తాయి, తెల్ల బండివాళ్ల సంగతి మాత్రం నేనే చెప్పాను.

"అక్కా, ముసలాయనకు తెలిసిందా?"

"తెలీదు."

"తెలియనివ్వకు. గుండె ఆగిపోతుంది. బండి నంబరు గుర్తుందా?"

"లేదు."

"లెక్కల టీచరువి, నంబరు గుర్తులేదా?"

"ఫోన్ పెట్టెయ్‌రా."

పెట్టలేదు. "అక్కా, వాళ్లు మామూలు మనుషులే అయ్యుంటారులే. వేటగాళ్లు కమలాపళ్లు పంచుతారా?" అన్నాడు. అవును, ఎవరు పంచుతారు? పొద్దున లేచినప్పటి నుంచి అదే అనుకుంటున్నాను.

జూలై 2, ఆదివారం

వెళ్లకపోతే ఎందుకని అడుగుతాడు. అందుకని వెళ్లాం.

రెండో చుట్టుదారికి తిప్పకుండా పోదామనుకున్నాను. మలుపు దగ్గరికి రాగానే వెనక నుంచి, "కుడికి," అన్నాడు. తను పరిచిన రోడ్డు ఒంటికే తెలుస్తుంది ఆయనకు.

విరిగిన దిమ్మె దాటాను. ఏరు. ఎండిన గడ్డి. నేల మీద ఒకచోట నల్లగా మరక. అంతే.

"ఉందా?" అన్నాడు.

"ఉంది నాన్నా."

"పిల్ల?"

"పక్కనే. పెద్దదయింది. ఇప్పుడు కడుపు కింద పట్టదు."

"వీపు మీద పిట్టలున్నాయా?"

"ఉన్నాయి."

"ఎన్ని?"

"మూడు."

"ఊ," అన్నాడు. నవ్వలేదు. చెవి కిటికీ వైపు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. నేను అద్దంలో ఆయన మొహం చూడలేక స్పీడోమీటరు చూశాను. సున్నా మీద ఉంది.

తిరుగుదారిలో ఏ బండికీ ఆపలేదు.

"ఎవరూ ఎదురు రాలేదేంటే ఇవాళ?"

"రాలేదు నాన్నా."

"మూడు పోయినట్టున్నాయే. ఒకటి డీజిలు."

"అవి ఆగే రకంలా లేవు."

మళ్లీ "ఊ" అన్నాడు. వేరుశెనక్కాయలు మూట విప్పకుండానే ఇంటికొచ్చాయి.

జూలై 3

లేనిదానికి పిట్టలు కూడా లెక్కపెట్టాను. మూడట.

జూలై 15, శనివారం

బడి సెలవులు. చేయడానికి పనేమీ లేదు, అందుకని నిజం రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు, అయినా నెల రోజులుగా ఇందులో కూడా అబద్ధమే రాస్తున్నాను.

నాన్న చెప్పింది మన భాషలో. సంతోషం ఎక్కువైతే ఇంగ్లీషు మర్చిపోతాడు. "వంకరకొమ్ముది, పిల్లతో ఉంది, ఏటి పక్కన," అన్నాడు. ఆ పార్కులో ఏటి పక్క అంటే నలభై మైళ్లు. పైగా వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వుతూ నా వంక చూశారు.

నేను ఇంగ్లీషులో చెప్పాను. రెండో చుట్టుదారి. విరిగిన దిమ్మె దాటాక కుడిచేతి వైపు. పొద్దున్న ఎనిమిదింటికి నీళ్లకొస్తుంది, నాలుగేళ్లుగా చూస్తున్నాం, టైము తప్పదు.

ఎనిమిది అని నాన్న అనలేదు. నేనే అన్నాను. లెక్కల టీచర్ని, వివరం లేకుండా జవాబు చెప్పలేను. ఆవిడ, "మీరెంత చక్కగా చెప్పారండీ," అంది. ఆ మాటకు నేనెంత ఉబ్బిపోయానో కూడా గుర్తుంది. నాన్నకు ఆ "థాంక్యూ సర్" ఎలాగో నాకూ అలాగే ఉంది.

చీటీ చదివింది నేను. నాన్నకు తెలీదు. నాకు తెలుసు. తెలిసీ చెప్పాను.

కమలాపళ్లు ఎండి గట్టిపడ్డాయి. పారేయబుద్ధి కాలేదు.

జూలై 17, సోమవారం

న్యెలెతి దగ్గరికి వెళ్లాను. పార్కులో మా వైపు రేంజరు ఇప్పుడు ఆ పిల్లే. ఎనిమిదో తరగతిలో ఏడో ఎక్కం రాక నా చేత చీవాట్లు తిన్నది. బూట్లు, తుపాకీ, భుజం మీద బిళ్లలు. నన్ను చూసి లేచి నిలబడింది.

"కూర్చోండి టీచర్."

"కూర్చోను. వంకరకొమ్ముది ఎక్కడుందో బయటివాళ్లకు చెప్పింది ఎవరో చెప్పడానికొచ్చాను."

ఆ పిల్ల బీరువాలోంచి ఒక ఫైలు తీసి నా ముందు పెట్టింది. జూన్ 9, శుక్రవారం. కింద నాన్న సంతకం. గీత దాటి, కాగితం చివరిదాకా పోయిన సంతకం.

"మీరు బడికెళ్లాక మీ నాన్నగారు పక్కింటావిడ చేత ఫోన్ చేయించారు టీచర్. ముందురోజు పొద్దున్నే రేడియోలో విన్నారట. నేనే మీ ఇంటికొచ్చి రాసుకున్నాను. నాకు టీ పెట్టి ఇస్తానని గొడవ, నేనే ఆయన్ని పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు."

నేను బ్యాటరీలు దాచేనాటికే విన్నాడన్నమాట.

చదివాను. బండి డీజిలుది, ఎక్కువ వేగంలో ఈల వేస్తుంది. మగాయనకు దగ్గు. ఆడావిడ గాజులు వేసుకుంది. కమలాపళ్లు ఇచ్చారు. తర్వాత ఇలా ఉంది: "ఎక్కడుందో దారి, టైము అన్నీ నేనే చెప్పాను. నా కూతురు స్టీరింగు పట్టుకుని అటు చూస్తోంది. అది వినలేదు. దానికి ఈ సంగతి తెలియనివ్వకండి, తట్టుకోలేదు."

నేను ఈ డైరీలో రాసుకున్న వాక్యమే. నన్ను నేను కాపాడుకోవడానికి నేను రాసుకున్నదీ, నన్ను కాపాడటానికి ఆయన చెప్పిందీ ఒకటే.

"నాన్న తప్పు చెప్పాడు," అన్నాను. "మళ్లీ రాసుకో." అంతా చెప్పాను. చీటీలు, దిమ్మె, ఎనిమిది. న్యెలెతి అదే కాగితం కింద రాసుకుంది. నేను సంతకం పెట్టాను.

"వాళ్లేనా?" అని అడిగాను.

"తెలీదు టీచర్. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఆ వారం ఆ రోడ్డున వందల బండ్లు పోయాయి. ఎప్పటికీ తేలకపోవచ్చు."

"పిల్ల?"

"బతికే ఉంది. తల్లిలేని పిల్లల్ని సాకేచోట. సీసాతో పాలు తాగుతోంది. మొదటి వారం రోజులూ అరిచిందట." తలుపు దాకా వచ్చి, "ఏడెనిమిదులు యాభై ఆరు టీచర్. ఇప్పుడొచ్చు," అంది. నన్ను నవ్వించాలని. నవ్వాను. బండిలో కూర్చున్నాక ఏడ్చాను.

జూలై 18

నేను వెళ్లినట్టు నాన్నకు చెప్పలేదు. న్యెలెతి వచ్చినట్టు నాన్న చెప్పలేదు. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా ఎదురెదురుగా టీ తాగాం. బ్యాటరీలు రేడియోలో వేసేశాను. ఎక్కడివని అడగలేదు.

ఆగస్టు 6, ఆదివారం

గేటు దగ్గర నేను చీటీ అందుకునేలోపే నాన్న కిటికీలోంచి చెయ్యి చాపాడు. "అమ్మా, ఆ కాగితం నాకియ్యి." తీసుకుని నాకందించాడు. "చదవ్వే. నెలనెలా నువ్వు అరలో పడేసే చప్పుడు వింటూనే ఉన్నాను."

చదివాను. ఎక్కడ చూశారో చెప్పకండి. ఫోటో ఎవరికీ పంపకండి. నాలుగు లైన్లే.

"ఎన్నాళ్లుగా ఇస్తున్నారిది?"

"చాలా ఏళ్లుగా."

"నాకెందుకు చదవలేదు?"

"నీ పలకరింపు పోతుందని నాన్నా. ఆ ఒక్కటే మిగిలింది నీకు."

గేటు దాటి, వంతెన దాటాక, "పిచ్చిమొహమా," అన్నాడు. "పోయిన నెల లేనిదానికి మూడు పిట్టలు పెట్టావు. ఆ పిట్టలు వీపు మీదుంటే నోరు మూసుకుని ఉంటాయటే? బుస్సుబుస్సుమంటూ ఒకదాన్నొకటి తిట్టుకుంటాయి. నాకు గాలి తప్ప ఏమీ వినపడలేదు."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"నువ్వంత కష్టపడి చెప్తుంటే ఎట్లా అంటాను?"

అప్పుడు చెప్పాను, న్యెలెతి దగ్గరికి వెళ్లానని, కాగితం సరిచేయించానని. "నోరుమూసుకుని ఉండలేవు, అచ్చం నా పోలికే," అన్నాడు. కోపంగానే అన్నాడు గానీ చెయ్యి ముందుకు చాపి నా భుజం మీద వేశాడు. అలాగే ఉంచాడు.

ఒకచోట బండి ఆపాను. ఇంజను కట్టేశాను. నేను చెప్పకముందే ఆయన చెయ్యి నా భుజం మీద బిగిసింది. గడ్డి తెంపుతున్న చప్పుడు, పక్కనుంచి బుస్సుబుస్సుమని పిట్టలు.

"నిజంగా ఉందే," అన్నాడు గుసగుసగా.

"ఉంది నాన్నా. కుర్రది. మగది. కొమ్ము తిన్నగా, పొట్టిగా ఉంది."

"పిట్టలు?"

"ఐదు."

"ఆరు," అన్నాడు. మళ్లీ లెక్కపెట్టాను. ఆరోది చెవి వెనకాల ఉంది.

అర గంట కూర్చున్నాం. టీ తాగాం. అది గడ్డి మేసుకుంటూ పొదల్లోకి పోయింది.

కొంచెం దూరం వచ్చామో లేదో ఎదురుగా ఒక బండి మా పక్కనే ఆగింది. వయసు మళ్లిన భార్యాభర్తలు. వెనక సీట్లో మనవరాలు కాబోలు, ముందు రెండు పళ్లూ లేవు, మెడలో తన మొహం కన్నా పెద్ద దుర్భిణి. ఆ పిల్లే కిటికీలోంచి నాన్నను అడిగింది:

"తాతా, ఇవాళ నువ్వేం చూశావు?"

ఇరవై ఎనిమిదేళ్లుగా నాన్న అందర్నీ అడిగిన మాట. నేను నోరు తెరవలేదు.

నాన్న టోపీ తీశాడు. "ఏం లేదు తల్లీ," అన్నాడు. "ఇంపాలాలు."

"అయ్యో, ఒక్కటీ కనపడలేదా?"

"ఒక్కటీ కనపడలేదు."

"తాతకు కళ్లు కనపడవు కదే, అట్లా అడక్కూడదు," అంది వాళ్ల నాయనమ్మ మెల్లగా. నాన్న వినేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు దుమ్ములో నిలబడ్డ మనిషి, తలొంచుకుని ఆ జాలి పుచ్చుకున్నాడు. ఆయన వేరుశెనక్కాయలిస్తే వాళ్లు తీసుకున్నారు. "వచ్చేసారి మీకు మంచి అదృష్టం ఉండాలండీ," అని వెళ్లిపోయారు.

"మంచివాళ్లేనా?" అన్నాడు నాన్న.

"మంచివాళ్లలాగే ఉన్నారు."

"ఆ కమలాపళ్లవాళ్లూ అట్లాగే ఉన్నారులే."

వెనక కిర్రుకిర్రుమని చప్పుడు. చూస్తే నాన్న అద్దం పైకి తిప్పుతున్నాడు. తుప్పుకు పిడి బిగుసుకుపోయింది. నేను వెనక్కి తిరిగి సాయం చేయబోతే నా చెయ్యి తోసేశాడు. రెండు చేతులతో పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పి, అద్దం చివరిదాకా ఎక్కించాడు. చలి ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఆ చలిని తిట్టుకున్నాను, ఇవాళ అది లేకపోతే ఏడుపొచ్చింది. ఆయనకు కనపడదు కదా అని చప్పుడు లేకుండా ఏడ్చాను.

"ముందు రోడ్డు చూసుకోవే," అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ ఎండిన పళ్లు పారేశాను. కుర్ర ఖడ్గమృగాన్ని చూశాం, ఆరు పిట్టలున్నాయి. ఎక్కడ చూశామో, ఎన్నింటికో, ఇక్కడ కూడా రాయను.